పుట్టినట్టు రుజువు

ఆ మనిషి పోయిన రోజు వాకిట్లో చేరిన ఆడవాళ్ల చూపంతా దూలానికి వేలాడుతున్న రేకు గొట్టం మీదే ఉంది. మూరెడు పొడవు, రెండు కొసలకూ మూతలు, భుజానికి తగిలించుకోవడానికి ఒక తాడు.

“అండ్ల ఏమున్నదే? బంగారమా?” అని పక్కూరి నుంచి వచ్చినామె నా చెవిలో అడిగింది.

“బీయెస్సీ ఉన్నది” అన్నాను.

ఆమెకు ఏం అర్థమైందో గాని, కొంచెం దూరం జరిగి కూర్చుంది.

అతని పేరు చెప్పను. చెప్పినా మా గల్లీలో సగం మందికి తెలియదు. జహీరాబాదులో మా గల్లీకి మొదటి బీయెస్సీ అతనే కాబట్టి అదే పేరైపోయింది. కన్నతండ్రి కూడా “మా బీయెస్సీ తిన్నడా?” అని భార్యను అడిగేవాడు. నేను మాత్రం ఒరేయ్ అనే పిలిచేదాన్ని. ఆ హక్కు నాకుంది. అతను ఈ లోకానికి వచ్చినప్పుడు కింద పడకుండా పట్టింది నా చేతులే. అప్పటికి నాకు పదిహేనేళ్లు, కాపురానికి వచ్చి నెల కాలేదు. మా అత్త మంత్రసాని. నన్ను ఆ ఇంటికి లాక్కుపోయి, “పట్టు, జారుతది” అంది. పట్టాను. తర్వాత అత్త పోయింది, మగడు పోయాడు. ఆ పని మాత్రం నా చేతికి మిగిలింది.

నాకు వచ్చిన రాత నా పేరొక్కటే. అదీ అతను నేర్పిందే. అందుకని నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. నా మాటల్లో మోటువి తీసేసి బుక్కు మాటలు పెడతానంటోంది. పెట్టుకో, అతని మాటల జోలికి మాత్రం పోకు అన్నాను.

హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చేటప్పుడు అతను రెండు వస్తువులు, ఒక మాట వెంట తెచ్చుకున్నాడు. ఒక వస్తువు ఆ రేకు గొట్టం. రెండోది పాలలో ముంచితే నీళ్లెన్ని కలిపారో చెప్పే గాజు పుల్ల. మాట ఏమిటంటే, “రుజువేంది?”

గ్రహణం నాడు కడుపుతో ఉన్న ఆడది కత్తిపీట ముట్టొద్దు అంటే, “రుజువేంది పెద్దమ్మా?” అనేవాడు. కూరలో ఉప్పెక్కువైందని తండ్రి అంటే తల్లి కంటే ముందు ఇతనే అడిగేవాడు, “ఎంత ఎక్కువ? రుజువేంది?” తండ్రి చిరాగ్‌పల్లి దిక్కు చేనులో అల్లం వేసేవాడు. ఆ ఏడు దుంప కుళ్లింది. ఎవరిదో దిష్టి తగిలిందన్నాడు పాపం.

“దిష్టికి రుజువేంది నాయినా?”

“నీకు నౌకరీ దొరకకపోవుడే రుజువు. పో, బర్రెకు నీళ్లు వెట్టు.”

రోజూ పొద్దున్నే ఇస్త్రీ అంగీ తొడుక్కుని, గొట్టం భుజానికి వేసుకుని పోస్టాఫీసుకు పోయేవాడు. ఉత్తరాల టప్పా తెచ్చే అతను దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. అయినా దగ్గరికి పోయి సంచిలోకి తొంగి చూసి వచ్చేవాడు. తల ఊపడం రుజువు కాదు కదా మరి.

“ఉత్తరం కోసం పోయేటోనికి గీ తుపాకి ఎందుకుర?” అని అడిగాను ఒకసారి.

“ఎవరన్న బజార్ల కలిసి అప్పటికప్పుడు నౌకరిస్తరనుకో పెద్దమ్మా, డిగ్రీ ఇంట్ల ఉన్నదని చెప్పాల్నా?”

అట్లా రెండేళ్లు జహీరాబాదు బజారులో నౌకరీ ఇచ్చేవాడి కోసం తిరిగాడు. బజారులో ఉన్నది బెల్లం వ్యాపారులు, ఆలుగడ్డల వ్యాపారులు. వాళ్లకు బస్తా మోసేవాడు కావాలి గాని బస్తాలో ఏయే పదార్థాలున్నాయో చెప్పేవాడెందుకు? బీయెస్సీ అంటే ఏం పని చేస్తాడని తండ్రిని గల్లీలో అడిగితే ఆయన గర్వంగా, “నీళ్లల్ల ఏమేం కలిసి ఉంటయో చెప్తడు” అనేవాడు.

“మన బాయిల నీళ్లే లెవ్వు. ముందుగల్ల నీళ్లు యాడున్నయో చెప్పుమను” అని నవ్వేవాళ్లు.

పని లేని చదువు ఊరికే కూర్చోలేదు. ఒకనాడు గాజు పుల్ల పట్టుకుని గల్లీలో పాలు పోసే ప్రతివాడి చెంబులోనూ ముంచాడు. పుల్ల ఎంత లోతు మునిగితే అన్ని నీళ్లట. ఒకడికి పావు వంతు, ఒకడికి సగం, ఒకడి చెంబులో పుల్ల అడుక్కే పోయి టంగుమంది. “ఇవి పాలు గావు, నీళ్లల్ల పాలు కలిపిన్రు” అని అందరి ముందూ చెప్పాడు. అదంతా నిజమే. మాకెవరికీ తెలియనిదీ కాదు. తెలిసినదాన్ని పుల్ల పెట్టి రుజువు చేసినందుకు ఆ ఏడంతా ఎవరూ అతనికి ఇంత చాయ పోయలేదు.

ఇక గల్లీ మొత్తంలో అతన్ని అరుగు మీద కూర్చోనిచ్చేదాన్ని నేనొక్కదాన్నే. దాంతో నా బొటనవేలికి కాలం దగ్గర పడింది.

సర్కారు వాళ్లు కొత్త జొన్న విత్తనం పంచుతుంటే వరుసలో నిలబడి నేనూ వేలు ముద్ర వేశాను. మేము నిశాని అంటాం. వేసి, అలవాటు కొద్దీ వేలును గోడకు తుడిచాను. అతను చూశాడు. ఇంటిదాకా వెంబడించాడు.

“నీ చేతుల్ల పుట్టినోన్ని బీయెస్సీ చదివిన. నువ్వు ఇంక గోడకు వేలు రుద్దుతవా? నాకు ఇజ్జత్ పోతలేదా?”

“నీ ఇజ్జత్ నా వేలికి ఎప్పుడు కట్టినవ్‌ర?”

వినలేదు. చేటలో జొన్నపిండి పరిచి అందులో నా పేరు రాశాడు. మూడక్షరాలు. వేలితో దిద్దమన్నాడు. నెల రోజులు రొట్టె చేసే ముందు పేరు దిద్ది, ఆ పిండితోనే రొట్టె చేశాను. మూడో అక్షరం ఎప్పుడూ కుడి వైపుకు వంగేది. “తాగినోని తీరు నిలబడ్డది పెద్దమ్మా, సక్కగ నిలబెట్టు” అనేవాడు. నిలబడేది కాదు. చివరికి కలంతో కాగితం మీద రాసిన నాడు అతను నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. ఇతని చదువు పనికొచ్చింది ఆ రెండేళ్లలో అదొక్కనాడే.

“ఇంక జన్మల వేలు పెట్టనని నా నెత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టు.”

“బీయెస్సీకి ఒట్టేందిర? ఒట్టుకు రుజువేంది?” అన్నాను, దొరికాడని.

“నేనే రుజువు. నువ్వు వేలు పెట్టు, నేను పోత సూడు” అని నవ్వాడు.

ఆ తలలో ఎంత చదువుందో గాని నూనె మాత్రం చాలా ఉంది. చెయ్యి జారకుండా ఒట్టు పెట్టాను.

ఆ తర్వాత కొన్ని రోజులకే టప్పా అతను తల అడ్డంగా కాక నిలువునా ఊపాడు. కోహీర్ దిక్కు ఒక బడిలో సైన్సు పంతులు కొలువు. ఒకటే షరతు. పదిహేను రోజుల్లో ముల్కీ కాగితం తెచ్చి చూపించాలి. ముల్కీ అంటే ఈ మనిషి ఈ గడ్డ మీదివాడే అని సర్కారు ఇచ్చే కాగితం. అది లేకపోతే కొలువు వరుసలో తర్వాతివాడిది. తండ్రి ఒకే మాట చెప్పాడు.

“గిది గూడ పోతె గొట్టం పొయ్యిల పెడ్త. నువ్వు రేపటికెళ్లి అల్లం బండి మీద కూసో.”

కాగితమిచ్చే దఫ్తరులో ఒక మున్షీ ఉండేవాడు. పల్చటి మనిషి, చెవి మీద కలం. మొదటిరోజు ఏం జరిగిందో మా బీయెస్సీ నా అరుగు మీద ఇద్దరి గొంతులతోనూ ఆడి చూపించాడు.

“యాడ పుట్టినవ్?”

“గిక్కడనే సాబ్, జహీరాబాదుల.”

“బడి కాయితంల జిల్లా బీదరని ఉన్నది?”

“అప్పుడు మనది బీదరు జిల్లనే గద సాబ్.”

“బీదరు మైసూరుల కలిసింది. నువ్వు మైసూరోనివి.”

“బీదరు కలిసింది సాబ్, జహీరాబాదు గీడనే ఉన్నది. నేను కదల్లే. జిల్లా కదిలింది!”

“గా మాట జిల్లాకు చెప్పుకో.”

చెప్పుకోవడానికి బస్సెక్కి బీదరు దఫ్తరుకు పోయాడు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారట. మీ తాలూకాను అటు ఇచ్చేశాము, మీ రికార్డు పుస్తకాలు, బహీలన్నీ మూటలు కట్టి పంపాము, మీ మీద మాకేం హక్కు లేదు అన్నారట. గాలికి బరువుంటుందని హైదరాబాదులో రుజువు చేసి వచ్చిన మనిషి, తను పుట్టానని రుజువు చేయలేక గుడ్లప్పగించి కూర్చున్నాడు.

మున్షీ ఒక దారి చూపించాడు. గల్లీలో పెద్దమనుషులిద్దరు ఇతను ఇక్కడే పుట్టాడని రాసిస్తే చాలు. తండ్రి తనకు బావ వరసైన పాలతని దగ్గరికి పోయాడు.

“మా వాడు గీడనే పుట్టిండని జర దస్తకతు చెయ్యి బావా.”

“చేస్తుంటి బావా. కాని నా బర్రె పాలల్ల సగం నీళ్లని చెప్పిన పిలగాడు గద. ఉత్త మాట నమ్మడు. గీడ పుట్టిండనేటందుకు రుజువేంది?”

రెండోవాడు ఇంకా మేలు. తలుపు తీయకుండానే అదే మాట అన్నాడు.

ఇక బహీ ఒక్కటే మిగిలింది. నిజాం కాలంలో పుట్టినవాళ్లనూ చచ్చినవాళ్లనూ పోలీసు పటేలు బహీలో రాసి, చెప్పినవాళ్లతో వేలు వేయించుకునేవాడు. తిరిగొచ్చిన మూటల్లో ఆ బహీ కోసం మూడు రోజులు దుమ్ములో తుమ్ముతూ వెతికాడు. దొరికింది. ఉర్దూలో ఒక వరస. ఫలానా రైతుకు మగపిల్లవాడు, చెప్పింది మంత్రసాని. పక్కన నల్లగా ఒక నిశాని.

“మగపిల్లగాడని ఉన్నది. గా పిల్లగాడు నువ్వేనని యాడున్నది?” అన్నాడు మున్షీ.

“పుట్టినప్పుడే పేరుంటదా సాబ్?”

“ఉంటె రాస్తుండె. పో, మంత్రసానిని పట్టుకరా.”

గడువు ఇంకా రెండు రోజులుంది. పెనం మీది పేలాల్లా ఎగురుతూ వచ్చాడు. నేను పెట్టెలోని చీర కట్టుకున్నాను. పొయ్యి ముందు బూడిదలో పేరు మూడుసార్లు రాసి చూసుకుని బయలుదేరాను.

“వీడు నీ చేతుల్ల పుట్టిండా?” అని మున్షీ నన్ను అడిగాడు.

“పుట్టిండు సాబ్. పుట్టంగనే ఏడ్వలే. కాళ్లు వట్టి తలకిందులు చేసి ఒక్కటిచ్చిన. అప్పుడు తెరిచిన నోరు, గిప్పటిదాంక అడుగుతనే ఉన్నడు.”

మున్షీ నవ్వుకుంటూ నేను చెప్పింది ఒక కాగితం మీద రాశాడు. నల్ల సిరా డబ్బీ నా ముందుకు తోశాడు. నేను డబ్బీని పక్కకు జరిపి, అతని చెవి మీద కలం అడిగి తీసుకుని, మూడక్షరాలూ రాశాను. మూడోది ఎప్పటిలాగే వంగింది. తలెత్తి చూస్తే మా బీయెస్సీ కళ్లలో నీళ్లు.

మున్షీ కళ్లలో నీళ్లు లేవు. కాగితాన్ని చూశాడు, బహీని చూశాడు, మళ్లీ కాగితాన్ని చూశాడు.

“బహీల ఉన్నది వేలు. గీడ ఉన్నది దస్తకతు. ఆమె చదువు రానామె, గీమె చదువుకున్నామె. ఎవర్ని పట్టుకొచ్చినవ్ భాయ్?”

“అదే మనిషి సాబ్! దస్తకతు నేనే నేర్పిన!”

మున్షీ వెనక్కి వాలి, తాపీగా అడిగాడు. “రుజువేంది?”

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ నోరు మూతపడటం చూశాను. నేను ఒక్కటిచ్చినా తెరుచుకునేలా లేదు.

మున్షీ ఆ కాగితాన్ని పనికిరాదని అతని ఒడిలోకి విసిరి, ఇంకో కాగితం తీశాడు. “చాయ తాగొస్త. వచ్చేసరికల్ల నిశాని పెట్టే మంత్రసాని గీడ ఉంటె మంచిది. లేకుంటె మైసూరు పో.”

ఇద్దరం వరండాలోకి వచ్చాం. నడుమెత్తు పిట్టగోడ దగ్గర నిలబడ్డాం.

“పెద్దమ్మా, జర వేలు పెట్టరాదు.”

“ఒట్టున్నది గద.”

“ఒట్టు గిట్టు అన్ని ఉత్తయే.”

“ఉత్తదైతే ఆ రోజు ఎందుకు పెట్టించినవ్? నీ తల మీద పెట్టింది నా చెయ్యిర. తియ్యాలంటె నువ్వే తియ్యాలె.”

మా దగ్గర ఒట్టుకు విడుదల ఉంది. ఎవరి తల మీద పెట్టారో ఆ మనిషే తన చేత్తో తల మీది నుంచి తీసి, ఒక గట్టు మీద పెట్టాలి. అతను అటూ ఇటూ చూశాడు. దూరంగా బంట్రోతు బీడీ కాలుస్తున్నాడు. బీయెస్సీ చెయ్యెత్తి, నెత్తి మీద పేను దొరికినట్టు ఏదో పట్టుకుని, తెచ్చి పిట్టగోడ మీద పెట్టాడు.

“తీసి పెట్టిన. అయిందా?”

“గట్టిగ పెట్టు. గాలికి పడ్తది.”

“గాలికి ఒట్టు పడ్తదనేటందుకు రుజు...” అని, మిగతా సగం మింగేసి, అరచెయ్యి ఆనించి గట్టిగా ఒత్తాడు.

లోపలికి పోయి వేలు పెట్టాను. బుద్ధిగా, రాని దానిలా. సిరా అంటిన వేలును గోడకు కూడా రుద్దాను, మున్షీకి అనుమానం రాకుండా. అతను నల్లటి మచ్చను చూసి తృప్తిపడి ముద్ర గుద్దాడు. అంతటితో మూసుకుని రావచ్చు కదా. మనవాడు బల్ల మీదికి వంగి, “రెండు నిశానీల గీతలు కలిసినయా లేదా, కలిపి సూడరా సాబ్?” అన్నాడు. తొడ మీద గిచ్చాను. దఫ్తరంతా వినపడేలా అరిచాడు.

ఎందుకు గిచ్చానో తిరిగి వచ్చే దారిలో చెప్పాను. “బహీల వేలు నాది గాదుర. మా అత్తది. పటేలు వచ్చినప్పుడు నా చేతులు ఖాళీగ లెవ్వు. నిన్ను పట్టుకుని ఉన్న.”

నడి సడకు మీద ఆగిపోయాడు. బొంబాయి వైపు పోయే లారీ ఒకటి భోంకారం చేసుకుంటూ పక్కనుంచి పోయింది.

“అంటే నా ముల్కీ అబద్ధమా?” అని వెనక్కి తిరిగాడు. నిజంగానే చెప్పడానికి పోతున్నాడు! గొట్టం తాడు పట్టుకుని ఆపాను.

“నువ్వు పుట్టినవా, పుట్టలేదా?”

“పుట్టిన.”

“గీడనేనా?”

“గీడనే.”

“నా చేతులకే గద?”

“నీ చేతులకే.”

“నా రాత నాది, గది వద్దన్నరు. ఆ వేలు నాది గాదు, గది సరేనన్నరు. పోయి ఏం రుజువు చేస్తవ్?”

గొట్టం తాడు భుజం మీద సర్దుకున్నాడు. “గిది ఏ బుక్కుల లేదు పెద్దమ్మా” అన్నాడు చివరికి.

“రాసుకో మరి. నడువు, ఆకలైతున్నది.”

ఎనిమిదేళ్లు పంతులు పని చేశాడు, పెళ్లి చేసుకున్నాడు. వచ్చినప్పుడల్లా కోహీర్ జామపండ్లు తెచ్చేవాడు. బడిలో సైన్సు సామాను ఒక అయస్కాంతం, ఒక విరిగిన తరాజు అని, గాజు పుల్ల తనే ఇచ్చానని చెప్పేవాడు. పిల్లలు “రుజువేంది సార్?” అని తిరిగి అడుగుతున్నారని మురిసిపోయేవాడు. నా వేలు మాట, నా రాత మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. నేను ఎక్కడైనా పేరు రాస్తుంటే ముఖం అటు తిప్పుకునేవాడు.

కామెర్లు ముదిరి సెలవు మీద ఇంటికి వచ్చాడు. మొగుడంపల్లి నుంచి ఆకు పసరు పోసే అతన్ని పిలిపిస్తే, మంచం మీద నుంచే “రుజువేంది?” అన్నాడు. అతను అలిగి పోయాడు. దవాఖానలో డాక్టరు సీసా ఇస్తే ఆయన్నీ అదే అడిగాడు. డాక్టరు అలగలేదు. జవాబు మాత్రం చెప్పలేదు. ముప్పై ఏళ్లకే పోయాడు. “నువ్వు వేలు పెట్టు, నేను పోత సూడు” అన్న నవ్వు పది రోజులు నన్ను అన్నం తిననివ్వలేదు.

మొన్న అతని భార్య నన్ను తోడు రమ్మంది. చావు రాయించాలి. చచ్చిన మనిషి, ముల్కీ కాగితంలో పుట్టిన మనిషి ఒకడేనని చెప్పడానికి ఎవరైనా కావాలట. కాగితాల కోసం ఆమె గొట్టం దింపి మూత తీసింది. డిగ్రీ వచ్చింది, ముల్కీ వచ్చింది. వాటి మధ్య చుట్టగా ఇంకో కాగితం. విప్పి చూస్తే మూడక్షరాలు. మూడోది వంగి ఉంది. పనికిరాదని మున్షీ అతని ఒడిలోకి విసిరిన కాగితం.

అదే దఫ్తరు. అదే మున్షీ, ఇప్పుడు పొట్ట వచ్చింది. అడిగినవన్నీ చెప్పాను. సిరా డబ్బీ తోశాడు. కలం అడిగాను.

“ముల్కీల నువ్వు నిశాని పెట్టినవ్ గద. గిప్పుడు దస్తకతు ఎట్ల నడుస్తది? రాతొచ్చిన మనిషివి నువ్వేననేటందుకు రుజువేంది?”

గొట్టంలోని కాగితం తీసి బల్ల మీద పరిచాను. “గిది నిశాని కంటె ముందటిది సాబ్. నీ రాతే ఉన్నది పైన. సూస్కో.”

చూశాడు. తన రాతనే వేలు పెట్టి చదువుకున్నాడు. ఏమనుకున్నాడో, చెవి మీది కలం తీసి ఇచ్చాడు. బహీలో అతని చావు పక్కన మూడక్షరాలు రాశాను. మూడోది నిలబెట్టాలని చూశాను. నిలబడలేదు.

బయటికి వస్తూ పిట్టగోడ దగ్గర ఆగాను. ఒట్టు అక్కడే ఉంటుంది కదా, అంత గట్టిగా ఒత్తిపెట్టాడు. తీసుకున్నాను. తిరిగి పెట్టడానికి ఆ తల లేదు. రెండు చేతులూ పట్టి కాసేపు అట్లాగే నిలబడ్డాను, జారకుండా.